కింది గొంతు

పోయిన నెల బోగోలు దగ్గర బంధువుల పెళ్లికి వెళ్లాను. చర్చిలో కుర్రకారు గిటార్లు పట్టుకుని ఒక పాత కీర్తన ఎత్తుకున్నారు. పడవ ఒడ్డు చేరడం గురించిన పాట. రెండో మాటకే తల తిప్పి చూశాను. మాటలు అవే కానీ వరస అసలుది కాదు. అది మా అత్త వరస. పాటయ్యాక గిటారు అబ్బాయిని అడిగితే, "ఇదే అసలు వరస తాతా, మా అవ్వ కాలం నుంచీ ఇట్నే పాడతా ఉండారు" అన్నాడు.

అరవైల మొదట్లో మా ఇంట్లో నలుగురు పాడేవాళ్లు. నాన్న, చిన్నాన్న, అమ్మ, నాన్న చెల్లెలైన మా అత్త. ఎవరో మిషన్ దొరసాని నేర్పిపోయిన పద్ధతిలో, ఒకే పాటను తలా ఒక గొంతులో పాడి కలిపేవాళ్లు. అసలు వరస నాన్నది. అత్తది కింది గొంతు. పాట అడుగున చాప పరిచినట్టు ఉండేది. కూర్చున్నవాళ్లు చాపను చూడరు కదా! అప్పటికి నేను బడి మానేసి, రైస్ మిల్లులో తూకాల దగ్గర నిలబడి లెక్కలు సొంతంగా నేర్చుకుంటున్నాను. దేన్ని చూసినా భాగాలు కట్టే జబ్బు. పాటలో అత్త వాటా పావు వంతు అని, అదీ ఉదారంగానే, లెక్క వేసి ఉంచాను.

ఒక మధ్యాహ్నం చేపల పులుసు దగ్గర అత్త అంది. "అన్నా, ఈసారి సువార్త కూటాల్లో అసలు వరస నేను పాడతా."

"నీది కింది గొంతు మే. దానికి సొంత పాట యాడుండాది?" అన్నాడు నాన్న.

"ఉండాదో లేదో ఒక్కదాన్నే నిలబడి చూస్తా."

"చూడు. జనం లేచిపోతే మళ్లీ వచ్చి మా వెనకాల నిలబడాల. ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తగూడదు."

"సరే" అంది అత్త. పులుసు ఎంత బాగున్నా ఆ పూట ఎవరూ మారు అడగలేదు.

సరుగుడు తోపు పక్కన, ఇసకలో తాటాకు పందిరి వేశారు. సముద్రం వైపు నుంచి ఎండుచేపల వాసన. హార్మోనియం నాన్నది కాబట్టి ఇంట్లోనే ఉండిపోయింది. ముందు వరసలో చేతులు కట్టుకుని నాన్న, పక్కన నేను. అత్త కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. ఆమె పాడుతున్నది కింది గొంతు! ఇన్నేళ్లూ నోటికి అలవాటైన దారి అదొక్కటే. బెదురులో నోరు ఆ దారే పట్టింది. పైన ముగ్గురూ లేకపోయేసరికి అదేదో ఊరూ పేరూ తెలియని పాటలా ఉంది. లేవాల్సిన చోట దిగుతుంది, కదలాల్సిన చోట నిలబడిపోతుంది.

"ఏందే ఇది, వరస మర్చిపోయిందా?" అంది వెనక చేపలమ్మే ఆమె. ఎవరో కిసుక్కున నవ్వారు.

అత్తకు వినపడింది. ఆగిపోయి, కళ్లు తెరిచి నాన్నను చూసింది. అప్పుడు నాన్న చేసిన పని నేను కలలో కూడా ఊహించనిది. పంతం మరచి, పెదవులు కదిలీ కదలకుండా సన్నగా అసలు వరస అందించాడు. అందుకుంటే గట్టెక్కేది. అత్త తల అడ్డంగా ఊపింది. మళ్లీ మొదటినుంచి, ఈసారి తెలిసే, తన కింది గొంతునే, ఇంకా నెమ్మదిగా పాడింది.

పందిరి కింద దగ్గు కూడా వినపడలేదు. ఇంత పాట మా పాట అడుగున ఇన్నేళ్లు ఉందా అని నేను కొయ్యబారిపోయాను. ఒక్కరూ లేవలేదు. చివర్న ఆ చేపలామె వచ్చి అత్త చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఆ పాట నాకు నేర్పించు."

ఆ తర్వాత అత్త కోట ఊరి నుంచి కావలి దాకా ఊరూరా ఒంటరిగా పాడింది. అసలు వరస మాత్రం ఏనాడూ ముట్టుకోలేదు. అడిగితే "అది అన్నది" అనేది. నాలుగులోంచి ఒకటి తీస్తే మూడు మిగలాలి. మిగల్లేదు. అడుగు లేక ఆ ముగ్గురి గొంతులూ తలో దిక్కు పోయేవి. "ఇంక మనం పాడలేం" అని నాన్నే హార్మోనియానికి గుడ్డ కప్పాడు.

పెళ్లి భోజనాల దగ్గర కుర్రాళ్లు మళ్లీ అదే కీర్తన ఎత్తుకున్నారు. నాన్న వరస తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. గొంతు తగ్గించి, వాళ్ల పాట కింద దాన్ని కలిపాను. ఎవరికీ వినపడలేదు. కాలం ఎవరిని కింది గొంతు చేస్తుందో నా లెక్కలకు ఇప్పటికీ అందలేదు.