రంగు తొట్టి దగ్గర సైన్స్ సారు

మా పక్కింటి సైన్స్ సారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున, దవాఖానకు తీసుకుపోయే ఆటో గల్లీ దాటకముందే. ఆయన గురించి నాలుగు మాటలు రాయమని ఇంటివాళ్లు చదువుకున్న వాళ్లను అడిగారట. ఎవరికీ తీరిక దొరకలేదు. నాకు రాత అంతగా రాదు. పరకాల దగ్గర మా ఊర్లో ఐదో తరగతి దాకా చదివాను. తర్వాత కాశిబుగ్గలో నూలుకు రంగులు అద్దడమే. తెలిసింది రాస్తున్నాను.

సారు సర్కారు బడిలో రిటైరై, ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో తరగతికి చెప్పేవారు. పిల్లల ముందు నిలబడకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు. సాయంత్రం మా తొట్టి పక్కన బకెట్ బోర్లించుకొని కూర్చునేవారు. ఒకరోజు నేను రంగునీళ్లలో ఉప్పు పోస్తుంటే అడిగారు.

"ఉప్పెందుకన్నా?"

"మా నాయన పోసేది. నేను పోస్తాన."

ఆయన నవ్వలేదు. గచ్చు మీద సుద్దతో గుండ్రాలు గీశారు. ఉప్పులో సోడియం తన ఎలక్ట్రాన్ ఒకటి క్లోరిన్‌కు ఇచ్చేసిందట. ఇచ్చినదానిది ప్లస్, తీసుకున్నదానిది మైనస్. అట్లా మారిన పరమాణువులనే అయాన్లు అంటారు. నీళ్లలో పడితే రెండూ విడిపోతాయి. అక్కడ నూలుదీ మైనసే, రంగుదీ మైనసే. ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి.

"సోడియం నడుమల జొరబడి కొట్లాట తగ్గిస్తదన్నా. అప్పుడు రంగు నూలు దగ్గరికి పోతది. ఎనుక నువ్వు బట్టల సోడా ఏస్తవు సూడు, అప్పుడు రెండూ ఎలక్ట్రాన్లు పంచుకుంటయ్. ఉప్పులెక్క ఇచ్చి పుచ్చుకున్నది నీళ్లల్ల ఇడిపోతది. పంచుకున్నది ఊడిరాదు."

ఇన్నేళ్లు నేను చేసిన పనేమిటో నాకు ఆ రోజు తెలిసింది.

అదే పిల్లలకు చూపించాలని ఆయనకు పట్టుకుంది. స్కూల్లో ల్యాబ్ గదిని ఆఫీసు చేసుకున్నారు. పాఠమంతా టీవీ తెర మీదే. "తెర మీద రంగు అంటుతదా అన్నా?" అని ఒక శనివారం తరగతినంతా మా షెడ్డుకు తోలుకొచ్చారు. శనివారం తెల్ల యూనిఫాం. ఆ సంగతి ఆయనకు తట్టలేదు.

ఒక బకెట్లో ఉత్త రంగు, ఇంకోదాంట్లో ఉప్పు, సోడా కూడా. పిల్లలు నూలు ముంచి, ఉంచి, కడిగి చూశారు. ఒకటి వెలిసిపోయింది, ఒకటి నిలిచింది. ఒకటే కేకలు. ఆ సందడిలో ఒక అమ్మాయి చొక్కా చెయ్యి రెండో బకెట్లో మునిగి నీలమైంది.

సాయంత్రం తల్లి షెడ్డుకు వచ్చింది. వెంట స్కూలు కరస్పాండెంటు.

"ఏంది సార్ ఇది? కొత్త డ్రెస్సు. ఎంత రుద్దినా పోతలేదు!"

సారు మొహం వెలిగిపోయింది. "పోదమ్మా! సోడా పడ్డది గద. ఎందుకు పోదో మీ బిడ్డనే అడుగుండ్రి, మంచిగ చెప్తది."

"ఎటకారమా?"

"అయ్యో, పాఠమమ్మా."

కరస్పాండెంటు అడ్డం వచ్చాడు. "సారీ చెప్పుండ్రి సార్, అయిపోతది. ఇదంతా పరీక్షల వస్తదా?"

"డ్రెస్సుకు చెప్త. పాఠానికెందుకు చెప్త?"

సోమవారం నుంచి రావద్దన్నారు. ఆయన చోట ఇంకొకరిని పెట్టను కూడా లేదు. టీవీ సరిపోయింది.

ఆ తర్వాత కూడా సారు రోజూ పొద్దున ఇస్త్రీ చొక్కా తొడుక్కొని అరుగు మీద కూర్చునేవారు. ఎక్కడికీ పోయేది లేదు. చూడలేక ఒకసారి నేనే అడిగాను.

"సారూ, ఆ పరమాణువుల ముచ్చట ఇంకోపారి చెప్పుండ్రి."

"నీకు తెల్సు గదన్నా. తెల్వనోళ్లకు చెప్పాలె."

ఆయన పోయాక స్కూలు వాళ్లు దండ పంపారు. ఫ్లెక్సీ కట్టించారు. పిల్లల గుండెల్లో నిలిచిన గురువు అని రాయించారు. బతికున్నప్పుడు తరగతి గదిలో నిలవనియ్యని వాళ్లే. చింపాలనిపించింది. చింపలేదు.

మర్నాడు పొద్దున పాడె ఎత్తి గల్లీ మలుపు తిరిగామో లేదో, ఎదురుగా ఆ స్కూలు వ్యాను. డ్రైవరు హారన్ కొట్టాడు.

"జర పక్కకు జరుగుండ్రి పెద్దనాయినా, బెల్లు టైమైతాంది!"

సారును గోడవారకు ఒత్తి పట్టుకొని నిలబడ్డాం. వ్యాను మమ్మల్ని రాసుకుంటూ కదిలింది. లోపల ఒక పిల్ల పాడె మీది మొహం చూసి, తరగతిలోకి సారు వచ్చినప్పటిలాగా లేచి నిలబడింది. "కూసో!" అని డ్రైవరు కసిరాడు. వ్యాను దూరమవుతుంటే దాని వెనుక అద్దంలోంచి చూశాను. ఇంకో పిల్ల లేచింది. తర్వాత ఇంకొకరు.