కొలవని గుమ్మం

కొత్త ఫ్లెక్సు చుట్ట విప్పగానే రంగు వాసన గుప్పున ముక్కుకు కొట్టింది. బొమ్మను పరికించి చూశాక నాకు ఒళ్ళు మండింది. నీలం మీద తెల్లగీతలతో గుత్తి కోట. గోడలకూ గుమ్మాలకూ బాణం గుర్తులు, పక్కన అంకెలు, అచ్చం పాతకాలపు ఇంజనీరు గీసిన పటంలాగే ఉంది. కింద ‘చిత్రణ: ఖాసిం సార్’ అని పెద్ద అక్షరాలు. సార్ పోయి ఏడాదైంది. ఆయన సంస్మరణ సభ కోసమని, నాతో చదువుకున్న రామాంజి ఫోన్లో ఏఐకి నాలుగు ముక్కలు చెప్పి ఈ బొమ్మ గీయించుకొచ్చాడు.

ఖాసిం సార్ మా ఐటీఐలో పటాలు గీయడం నేర్పిన మనిషి. ఆయనది ఒకటే పట్టు. పటంలో ప్రతి అంకె పక్కనా కొలిచినవాడి పేరులోని మొదటి అక్షరం ఉండాలి, కొలవని చోట ఖాళీ వదలాలి. ఒక ఎండాకాలం మమ్మల్ని గుత్తి కోటకు తీసుకుపోయారు. పైన ఒక గుమ్మానికి ఒకవైపు గోడ కూలిపోయి ఉంది. ఎండకు తాళలేక నేను ఆరడుగులని రాసి, నా అక్షరం పెట్టేశాను. కొండ దిగాక సార్ ఆ కాగితం చూశారు.

“ఈ గుమ్మానికి టేపు యాడ పట్టినావప్పా? ఆ పక్క గోడే లేదు కదా.”

“కడమ గుమ్మాలన్నీ అంతే ఉండాయి సార్. ఇది గూడా అంతే ఉంటాదని రాసినా.”

“ఉంటాదని రాసేదానికి ఇంత దూరం ఎందుకొచ్చినాం? పద.”

ఆయనకు అరవడం రాదు. మోకాళ్ళ నొప్పితోనే నా వెంట ఆ కొండ మళ్ళీ ఎక్కారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. గుమ్మం ముందు నిలబెట్టి, చేతికి రబ్బరిచ్చి, ఆ అంకె నాతోనే చెరిపించారు.

“ఖాళీగా ఉంటే మనకు తెలీదని తెలుస్తాది. నువ్వు రాస్తివా, నీ తర్వాత వచ్చేటోడు దాన్నే నమ్ముతాడు,” అన్నారు.

ఫ్లెక్సులో ఇప్పుడు అదే గుమ్మం రెండు గోడలతో నిక్షేపంగా నిలబడి ఉంది. ఏడడుగుల రెండంగుళాలట. ఎవడు కొలిచాడు?

“సార్ గీసిన పటమే పెట్టింటే పోయేది కదరా,” అన్నాను రామాంజితో.

“అది మాసిపోయిందప్పా. ఇది చూడు, ఎంత బాగుండాదో. టేపు పట్టుకోని వచ్చి ఎవురు చూస్తారు?”

“మరి సార్ పేరెందుకు పెట్టినావు?”

“గౌరవం కదప్పా.”

గౌరవమట. బతికినన్నాళ్ళూ ఒక్క దొంగ అంకె రాయని మనిషికి, చచ్చాక ఇన్ని అబద్ధాలు అంటగట్టడం గౌరవమట. రామాంజి మీద కోపం, ఆ ఏఐ మీద కోపం. చూసిన మొదటి క్షణంలో ఆ బొమ్మ నాకూ నచ్చింది, అందుకు నా మీద నాకు ఇంకా కోపం.

బ్లేడు తీసి సార్ పేరున్న పట్టీని కోసేశాను. సభలో ఆ ఫ్లెక్సు అలాగే వేలాడింది, పేరుండాల్సిన చోట వెనకాల గోడ కనిపిస్తూ. అదేమని ఒకరిద్దరు అడిగారు. కొలిచినోడు లేడు, అందుకే ఖాళీ అన్నాను.

ఆ పట్టీ ఇప్పుడు నా టేపు సంచిలో ఉంది. ఇళ్ళకు ప్లాన్లు గీసి బతుకుతున్నాను. అంకె పక్కన నా అక్షరం వేయబోయే ప్రతిసారీ చెయ్యి ఒక క్షణం ఆగుతుంది, ఇక్కడ నిజంగా టేపు పట్టానా అని.