ఖాళీగా కట్టేసి ఉన్న స్టీమరు

యాభై రెండేళ్లకే ఉద్యోగం మానేశాను. అంతకు రెండేళ్ల ముందు, ఒక ఆగస్టులో, సింగపూర్ పాయా లేబర్‌లోని మా నౌకా తనిఖీ సంస్థ నన్ను సర్వేయర్‌గా బర్మా పంపింది. ఐరావతి నది మీద తిరిగే పాత స్టీమరును చూసి రావాలి. స్టీమరు అన్నది పేరుకే, ఆవిరి పోయి డీజిల్ వచ్చి చాలా కాలమైంది. సింగపూర్‌లో ఒకాయన దాన్ని కొని నీటి మీద రెస్టారెంటు పెడతాడట. ఓడ అడుగు, పక్కల రేకు మందం కొలవడం, ఇంజను నడిపించి చూడడం, ఇన్నేళ్లూ అది చేసిన పనుల చరిత్ర రాయడం నా బాధ్యత.

ఇంజను డ్రైవరు అప్పన్న తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వలస వెళ్లిన కుటుంబంవాడు. అంతర్యుద్ధంలో తిరుగుబాటుదారులు స్టీమరును పట్టుకుని రెండేళ్లు బియ్యం, మనుషుల్ని, తుపాకుల్ని మోయించారని, ఈమధ్యే సైన్యం తిరిగి లాక్కుందని చెప్పాడు. "జెండాలు మారాయి గాని బాబూ, నూనె డబ్బా నా చేతిలోంచి కదల్లేదు," అన్నాడు.

పట్టుబడిన ఓడ అంటే బీమా దొరకదు, బేరం తప్పిపోతుంది. మా డైరెక్టర్ మూర్తి గారు, "ఇనుము చూడమని పంపితే యుద్ధం చూసొచ్చావేంటయ్యా?" అన్నారు. నాకు రెండోసారి చెప్పనక్కర్లేదు. ఆ రెండేళ్లకూ 'లేడప్' అని రాశాను, అంటే పని లేక రేవులో కట్టేశారని. ఎడమ పక్క రేకు మీద వరసగా, గుండ్రంగా ఉన్న పద్నాలుగు రంధ్రాలకు తుప్పు కారణమన్నాను. తుప్పుకు అంత గురి ఎలా కుదిరిందని ఆఫీసులో ఎవరూ అడగలేదు.

ఆరు నెలలకు అప్పన్న సింగపూర్‌లోనే జురాంగ్‌లో ఒక లాంచీ కంపెనీలో డ్రైవరు పనికి వచ్చాడు. ఈమధ్య కాలంలో రెండేళ్లు ఇంజను నడిపినట్టు వాళ్లకు రుజువు కావాలి. ఆ స్టీమరును తనిఖీ చేసింది మేమే కాబట్టి మమ్మల్ని అడిగారు, మేం నా రిపోర్టు పంపాం. అప్పన్న నేరుగా మా ఆఫీసుకొచ్చాడు.

"కట్టేసిన పడవలో రెండేళ్లు నేనేం చేసినట్టు బాబూ? గాలం వేసుకుని కూర్చున్నానా?"

రికార్డు మార్చడం కుదరదన్నాను, రాసినవాణ్ణి నేనే అయినా.

"అక్కడ పడవలు నడవట్లేదు. ఈ పని పోతే నాకు ఇంకో పని లేదు," అన్నాడు. మంచినీళ్లు తెప్పించాను. అబద్ధాలకోరని కంపెనీ అతన్ని వెనక్కి పంపేసింది.

ఉద్యోగం మానేశాక అసలు చరిత్ర రాసి, సంతకం చేసి, ఆ కంపెనీకి పంపాను: స్టీమరు పట్టుబడింది, రెండేళ్లు నడిచింది, నడిపింది అప్పన్న. జవాబు మర్యాదగానే వచ్చింది. తప్పుడు రిపోర్టు ఇచ్చానని తానే ఒప్పుకున్న సర్వేయర్ ధ్రువీకరణ చెల్లదట.

వాళ్లు నిబంధన సరిగ్గానే పాటించారు. సర్వేయర్ దగ్గర ఉండేది సంతకం ఒక్కటే. నాది ఒక రెస్టారెంటుకు వాడేశాను. అప్పన్నకు అవసరమయ్యేసరికి అందులో ఏమీ మిగల్లేదు.