భయం ముక్క

మా డిజైన్ గదిలో నా పక్క బల్ల దగ్గర పనిచేసే ఆమెకు ‘అనుమానాలమ్మ’ అని పేరు పెట్టింది నేనే. తుంటి కీలు అరిగిపోయినవాళ్ళకు లోహపు కీలు తయారుచేయడం మా పని. తొడ ఎముకలోకి దిగే కాడ, తుంటి గుంటలో తిరిగే గుండు, రెంటినీ కలిపే మెడ, మూడూ విడివిడి ముక్కలు. మెడ వంపు మాత్రం ఎవరి ఎముకను బట్టి వారికే గీస్తాం. అది చాలదన్నట్టు ఈవిడ పట్టుబట్టి ఆసుపత్రికి వెళ్ళే ప్రతి పెట్టెలో వంపే లేని మెడ ఇంకోటి పెట్టించేది. అది ఏ కాలికైనా పనికొస్తుంది, ఏ కాలికీ పూర్తిగా నప్పదు. దాన్ని మేం ‘భయం ముక్క’ అని నవ్వుకునేవాళ్ళం. అది ఎప్పుడూ వాడకుండానే తిరిగొచ్చేది.

మా గదిలో ఇంకో అలవాటుంది. ఏ కాలైనా సరే కుడికాలు అనుకునే గీస్తాం. ఎడమదైతే చివర్లో అద్దంలో బొమ్మలా తిప్పి పంపుతాం.

ఈసారి వచ్చిన ఎడమ తుంటి ఆమె సొంత అక్కది. అమ్మ పోయాక పెంచి పెద్దచేసిన అక్క. అది గీసినన్నాళ్ళూ ఆమె గీసిందే చెరిపి మళ్ళీ గీసేది.

ఆపరేషన్ రోజు థియేటర్ బయట ఆమె పక్కన నేనూ కూర్చున్నాను. మా పెద్దాయన వచ్చాడు. మా గదికంతటికీ పై అధికారి, మనసు మంచిది.

“ఏమ్మా, ముఖం అలా పెట్టావ్? నిశ్చింతగా ఉండు. నువ్వు కంగారులో మరిచిపోతావేమోనని, మీ అక్కది ఎడమకి నేనే స్వయంగా తిప్పి పంపాను.”

ఆమె లేచి నిలబడింది. “మీరు తిప్పారా? నేనూ తిప్పానండీ!”

రెండుసార్లు తిప్పితే మళ్ళీ కుడే. ముక్క మీద మాత్రం ‘ఎడమ’ అనే చెక్కి ఉంటుంది, డాక్టరు దాన్నే నమ్ముతాడు. ఆ మెడ బిగిస్తే, అక్క మెట్లు దిగుతున్నప్పుడో స్నానాలగదిలోనో గుండు గుంటలోంచి జారిపోవచ్చు.

లోపల సుత్తి చప్పుడు మొదలైంది. కాడ దిగేటప్పుడు మొద్దుగా వినిపిస్తుంది, మెడ బిగించేటప్పుడు ఖంగుమంటుంది. మెడ ఒకసారి బిగిసిందంటే కాడతో సహా పెకలించాల్సి రావచ్చు. ఆమె తలుపు బాదింది.

నర్సు తలుపు తీసింది. “ఏంటండీ ఇది? లోపల ఆపరేషన్ జరుగుతోంది!”

“మెడ బిగించేశారా? మీ కాళ్ళు పట్టుకుంటాను, అదొక్కటి కనుక్కుని చెప్పండి. బిగించకపోతే వద్దనండి, అది కుడికాలిది!”

నర్సు లోపలికి పరుగెత్తింది. సుత్తి ఆగింది. పని ఆపారో, పని అయిపోయిందో తెలియదు. ఆమె తలుపుకి నుదురు ఆనించి నిలబడింది.

నర్సు తిరిగొచ్చింది. “ఇంకా లేదట. పెట్టెలో వంపు లేనిది ఇంకోటుంది, అది పెట్టమంటారా అని అడుగుతున్నారు డాక్టరుగారు.”

ఆమె వెంటనే తలూపింది.

అక్క ఇప్పుడు నడుస్తోంది. అడుగు వేస్తే పాదం కొంచెం బయటికి తిరుగుతుంది. మొన్న నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు, ఆ ముక్కకి మేం పెట్టిన పేరుతో సహా చెల్లెలు జరిగిందంతా అక్కకి చెప్పేసింది.

“అయితే నీ భయాన్నే నా ఒంట్లో పెట్టి బిగించారన్నమాట,” అని నవ్వింది అక్క. “పోనీలేవే, ఇక దాన్ని నేను మోస్తాలే. నువ్వు కాస్త అన్నం తిను.”

ఆమె కంచం ముందు కూర్చుంది. చెయ్యి కంచంలోనే ఉంది, చూపు మాత్రం అక్క పాదం మీద ఉంది.