బోణీ కాని వీధిలో వి.పి. పార్సిళ్లు

గోదావరిమీద రైలు వంతెనకు స్తంభాలు లేస్తున్న రోజుల్లో, ఒక మాఘమాసంలో, నన్ను రాజమహేంద్రవరం తపాలా కచేరీలో పార్సిళ్ల జవానుగా వేసుకున్నారు. మూడు నెలలు పరీక్షాకాలం. గట్టెక్కితే ఉద్యోగం ఖాయం. లేకపోతే మా నాన్నగారి కిరాణా కొట్లో తక్కెడ నాకోసం వేలాడుతూనే ఉంది. "తూచడం చేతకాక మోయడానికి పోయాడండి మావాడు" అని ఆయన వచ్చిన బేరగాళ్లందరికీ చెప్పేవారు. మళ్లీ ఆ తక్కెడ ముందు కూర్చోకూడదన్నదే నా పట్టుదల.

జవాను తిరిగే దారిని బీటు అంటారు. ఏ వీధి ముందో, ఏది వెనకో పోస్టుమాస్టరు గారు నిర్ణయిస్తారు. జవాను సొంతంగా మార్చకూడదు. నా బీటు పెద్దబజారులో మొదలై ఏటి ఒడ్డున బెస్తవారి ఇళ్ల దగ్గర ముగిసేది. వాళ్లకు వచ్చేవి వలల నూలు కట్టలు. బండరాళ్లలాంటి ఆ కట్టల్ని బజారంతా మోసి చివరికి దింపాలి. పని నేర్పడానికి వీరాస్వామి గారనే పాత జవానును ఇచ్చారు. మోకాళ్లు అరిగిన మనిషి. నేర్పడమంటే సంచి నా భుజానికి తగిలించి తాను చేతులూపుకుంటూ నడవడం.

బజారుకు వచ్చేవి చాలావరకు వి.పి. పార్సిళ్లు. అంటే వెల అక్కడికక్కడ చెల్లించి సరుకు విడిపించుకోవాలి. వద్దంటే కాగితంమీద రాసి వెనక్కు తేవాలి. ఎక్కువగా వెనక్కు తెచ్చేవాణ్ణి ఖాయం చెయ్యబోమని పోస్టుమాస్టరు గారు మొదటిరోజే చెప్పారు.

మొదటి కొట్టు సుగంధద్రవ్యాల కామయ్య గారిది. పార్సిలు చూపగానే ఆయన చేతులు వెనక్కు పెట్టుకున్నారు.

"ఇంకా బోణీ కాలేదోయ్. లోపలికి ఒక్క కానీ అయినా రాకుండా బయటికి తీయమంటావా? కోమటి ఇంట్లో పుట్టలేదూ నువ్వు?"

పుట్టాను గనకే ఆ పట్టింపు నాకూ తెలుసు. మొదటి బేరం పడకుండా గల్లాపెట్టెలోంచి డబ్బు తీస్తే మా నాన్నగారు ఇల్లెగిరిపోయేలా అరిచేవారు.

"వద్దన్నాడని రాసెయ్ నాయనా, కాలికి సుఖం" అన్నారు వీరాస్వామి గారు.

నా తెలివి మరో దారి తొక్కింది. బోణీ నేనే చేస్తే సరి! పిసరంత ఇంగువ కొన్నాను. చెప్పిన ధరకు కొంటే మా వంశానికే అప్రతిష్ఠ కాబట్టి బేరమాడాను. మొదటి బేరాన్ని ఏ వర్తకుడూ పోనివ్వడు. కామయ్య గారు నేనన్న ధరకే ఇచ్చి, నా డబ్బు కళ్లకద్దుకుని, పార్సిలు విడిపించుకున్నారు. ఆ వారమంతా బోణీ కాని ప్రతి కొట్లోనూ అదే ఎత్తు వేశాను; ఒక్క పార్సిలూ వెనక్కు రాలేదు. నేను మహా గడుసువాణ్ణని నాకు అనిపించింది.

బజారు నాకన్నా గడుసుది. నా చెయ్యి మంచిదని వీధంతా పాకింది. మూడో వారానికి గిరాకీతో కిటకిటలాడే కొట్టువాడు కూడా "మీ బోణీ కోసమే కూర్చున్నానండీ బాబూ" అనడం మొదలుపెట్టాడు. జీతం చింతపండుగా, కరక్కాయలుగా మారి ఇంటికి చేరేది. "ఇంట్లో కొట్టు పెట్టావా ఏంటి?" అంది మా అమ్మ. నూలు కట్టలు ఏటి ఒడ్డుకు చేరేసరికి దీపాలు పెట్టేవారు. సంచి పట్టె ఒరుసుకుని నా భుజంమీద పుండు పడింది.

చివరికి ఓవర్సీరు గారు, అంటే జవాన్ల మీద తనిఖీ అధికారి, నన్ను పట్టుకున్నారు. నడుముకు సర్కారు బిళ్ల, ఒళ్లో సంచి, చేతిలో కుంకుడుకాయలు. కామయ్య గారితో తగ్గించమని పోట్లాడుతున్నాను.

"ఏమయ్యా, తపాలా పనా, తలంటు పనా?"

జరిగింది చెప్పాను. చెప్పినవాణ్ణి ఊరుకోవచ్చుగా! బీటు తిరగేస్తే నూలు కట్టలు ముందే దిగిపోతాయి, బజారుకు వచ్చేసరికి అందరికీ బోణీ అయిపోతుందని అక్కడే బేరం పెట్టాను.

"పరీక్షాకాలంలో ఉన్నవాడు బీటు మార్చమని అడగడమా?" అన్నారాయన.

వారం తిరక్కుండా రెండు ఉత్తర్వులు వచ్చాయి. బీటు తిరగేశారు. పని వేళలో సరుకులు కొన్నందుకు నా పరీక్షాకాలం ఇంకో మూడు నెలలు పొడిగించారు. నా జీవితంలో ఇంత ఖరీదైన బేరం మరొకటి లేదు. ఆ తరువాత ఖాయం చేశారు. తక్కెడ మా తమ్ముడికి పోయింది.

నేర్చుకున్నది చిన్న సంగతే. చిరునామా మనిషి ఎక్కడ ఉంటాడో చెబుతుంది; ఏ వేళకు చెయ్యి చాస్తాడో చెప్పదు. అది తెలుసుకుని నడిచే దారి మార్చుకోవాలి గాని, వాడి చేతిని మన డబ్బుతో చాపించకూడదు.

కొత్త బీటులో మొదటిరోజు మిట్టమధ్యాహ్నానికి కామయ్య గారి కొట్టు చేరాను. బోణీ అయిందా అని అడిగాను.

"బ్రహ్మాండంగా అయింది. కానీ ఇవాళ శుక్రవారం కదటోయ్. నువ్వు బోణీ తెచ్చిన రోజుల్లో సరే, ఇప్పుడు ఊరికే లక్ష్మిని బయటికి పంపుతామా?"

దానికి మందు నా ఉద్యోగం చివరిదాకా దొరకలేదు. శుక్రవారం మిగిలినవీ కలిసి శనివారం సంచి ఎప్పుడూ రెండింతలు బరువుండేది.