కుడిపక్క ముప్పావంగుళం

ఆయన్ని ఆ వీధిలో అందరూ ముప్పావు అంటారు. ఎదురుగా ఉంటే ముప్పావుగారూ అని, ఆయన వెనక్కి తిరిగాక ఉత్త ముప్పావు అని. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని, మనిషికి ఎక్కడో పావువంతు తక్కువేమో అనుకుని, ఆయన మొహం ఒకటికి రెండుసార్లు చూసి గాని పని చెప్పరు. ఆయనకి తక్కువేమీ లేదు. పటాలు కడతాడు.

పటం కట్టడమంటే నాలుగు కర్రలు బిగించి మేకులు కొట్టడం అనుకుంటారు గాని, అసలు పని అట్టలో ఉంది. అద్దానికీ ఫొటోకీ మధ్య ఒక మందపాటి అట్ట వేస్తారు. మౌంటు అంటారు దాన్ని. దాని మధ్యలో కిటికీ కోస్తారు, ఆ కిటికీలోంచి ఫొటో కనబడుతుంది. కిటికీ ఫొటో కంటే నాలుగు పక్కలా పావంగుళం చిన్నదిగా ఉండాలి. లేకపోతే ఫొటో అందులోంచి జారి, సంచీలో అడుగుకి పడ్డ చిల్లరలా మూలకి చేరుతుంది. అట్ట అంచు పైనా పక్కలా ఒకే వెడల్పు ఉండాలి. కింద మాత్రం అరంగుళం ఎక్కువ ఉండాలి. ఎందుకంటే అన్ని పక్కలా సమానంగా కోస్తే, చూసేవాళ్ళకి బొమ్మ కిందికి దిగిపోయినట్టుంటుంది. కొలిస్తే సమానమే, చూస్తే కాదు. "కొలతకి తెలియని బరువు కంటికి తెలుస్తుంది" అంటాడాయన. ఇంతకు మించి ఎవరికీ ఏదీ వివరించడు.

ఇంట్లోనూ అంతే. ఆరేసిన తువ్వాలు రెండు చివర్లూ సమానంగా వేలాడకపోతే, తింటున్నవాడు లేచి వెళ్ళి సర్ది వచ్చి కూర్చుంటాడు. "పెళ్ళిచూపుల్లో నన్ను చూళ్ళేదు, నా వెనక గోడమీద కేలండరు వంకరగా ఉంటే దాన్ని చూశాడు" అంటుంది ఆయన భార్య. ఆయన కాదనడు. వంకరగానే ఉంది మరి.

ఇంత కొలతల మనిషికి ఆ పేరు ఎలా వచ్చిందంటే, బావ పెట్టాడు. అక్క మొగుడు. బడిలో డ్రిల్లు మాస్టారు. ఆ వీధిలో ఇప్పుడు పిల్లల్ని కన్నవాళ్ళందరూ ఒకప్పుడు ఆయన ఈలకి పరుగెత్తుకొచ్చి వరసలో నిలబడ్డవాళ్ళే.

కొట్టు తెరిచిన రోజు ఇంటిల్లిపాదీ షట్టరు ముందు నిలబడి ఫొటో తీయించుకున్నారు. మధ్యలో ముప్పావు, అప్పటికింకా ముప్పావు కాలేదు. పక్కన భార్య, ఆ పక్కన అక్క, కుడి చివర బావ. కొట్లో మొట్టమొదట కట్టిన పటం అదే. అందులో కిటికీ ఒక పక్కకి పోయింది. మూడు పక్కలా పావంగుళం, కుడిపక్క ముప్పావంగుళం కప్పేసింది మౌంటు. బావ చెయ్యి మణికట్టు దగ్గర అట్ట కిందికి వెళ్ళిపోయింది. నడుస్తున్న బస్సు కడ్డీ పట్టుకుని వేలాడేవాడిలా ఉంటాడు అందులో.

ఆ పటం అక్కావాళ్ళింట్లో ముందుగదిలో ఉండేది. వచ్చిన ప్రతివాడినీ బావ దాని ముందుకి తీసుకెళ్ళేవాడు.

"చూశారా మా బావమరిది పనితనం? పావంగుళం కొయ్యరా అంటే ముప్పావు కోశాడు. మనం పావు అంటే వాడికి ముప్పావు వినబడుతుంది. ఏరా ముప్పావూ?"

అందరూ నవ్వేవాళ్ళు. ముప్పావు కూడా నవ్వేవాడు. ఏళ్ళ తరబడి నవ్వాడు. పేరు వీధిలోకి వచ్చింది, వీధిలోంచి బజారుకి వెళ్ళింది, ఒకరోజు పెళ్ళి శుభలేఖ మీద కూడా ముప్పావుగారికి అని రాసుకొచ్చారెవరో.

ఎండలు తగ్గుతున్న రోజుల్లో బావ పోయాడు. మధ్యాహ్నం కునుకు తీస్తానని పడుకున్నాడు. అంతే. ఈల మేకుకి తగిలించే ఉంది.

కొన్నాళ్ళకి అక్క ఆ పటం పాత దుప్పటిలో చుట్టుకుని కొట్టుకి వచ్చింది. అద్దం మూల చిట్లింది. స్టూలు మీద కూర్చుని, చెమట తుడుచుకుని, మరదలు ఇచ్చిన మంచినీళ్ళు తాగి, అప్పుడు చెప్పింది.

"అద్దం మార్చు. మార్చేటప్పుడు ఆ వంకర కూడా సరిచెయ్యి."

"అద్దం ఇప్పుడే మార్చేస్తా అక్కా. వంకర ఉండనీ."

"ఎందుకు ఉండనివ్వాలి?"

"అలవాటైపోయిందిగా."

"ఆయనకి అలవాటు. నాకెప్పుడూ ఒళ్ళు మండేది. ఇన్ని పటాలు కట్టినవాడివి, మన పటం ఒక్కటి సరిగా కట్టలేవా? ఆయన పూర్తిగా కనబడాలి నాకు. చెయ్యీ కాలూ అంతా."

"ఇప్పుడు చేతిలో పని ఎక్కువుంది."

భార్య కొట్టంతా ఒకసారి చూసింది. బల్లమీద పిల్లి తప్ప ఏమీ లేదు.

"ఏం పనండీ?" అంది.

ముప్పావు పిల్లిని దింపి, పటం బోర్లా పెట్టి, మేకులు ఒక్కొక్కటే పీకాడు. మేకులు పీకడంలో ఆయన అంత ఆలస్యం చెయ్యడం భార్య ఎప్పుడూ చూడలేదు. చివరికి మేకులు అయిపోయాయి. అట్ట ఎత్తాడు.

ఫొటో అంతా వెలిసి, ఉతికి ఉతికి పల్చబడ్డ జాకెట్టు రంగులో ఉంది. అట్ట కింద దాగిన అంచు మాత్రం నిన్న కడిగినట్టుంది. ఆ రెంటికీ మధ్య చుట్టూ గోధుమరంగు గీత. ఆ రోజుల్లో దొరికిన అట్ట అలాంటిది, తాకిన చోటల్లా కాగితాన్ని కాల్చేది. ఆ గీత సరిగ్గా బావ మణికట్టు మీదుగా పోయింది. గీతకి అవతల బావ చెయ్యి ఉంది. చేతిలో ఆడవాళ్ళ చెప్పుల జత ఉంది.

అక్క కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"ఇవి నావి," అంది.

ఆ చెప్పుల మీద వేలు పెట్టింది.

"ఆ రోజు దారిలో చెప్పు వారు తెగింది. ఒక్క నిమిషం పట్టుకోండి అని ఇచ్చాను. ఫొటో అయ్యాక ఎప్పుడు తీసుకున్నానో. అసలు ఆ సంగతే మర్చిపోయాను." ఇంకా దగ్గరికి వంగింది. "చూడు, తెగిన చెప్పు వారుని వేలికి చుట్టుకున్నాడు. ఊడి ఎక్కడ పడిపోతుందోనని."

కూరల సంచీ ఇస్తే వాకిట్లోనే దించేసే మనిషి బావ. గొడుగు పట్టుకోమంటే వర్షం ఆగేదాకా ఇంట్లో కూర్చునే మనిషి. మరదలు, "మణికట్టుకి గడియారం పెట్టుకున్నట్టుంది వదినా" అంది, ఆ గీతని చూసి.

"ఆయనకి గడియారం పడదమ్మాయ్, దద్దుర్లు వచ్చేవి," అంది అక్క. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "ఈ చెయ్యి కనబడాలి. చెప్పులతో సహా."

ముప్పావు అది కుదరదని చెప్పడానికి ఉన్నవన్నీ చెప్పాడు. రంగు తేడా కొట్టొచ్చినట్టుంటుంది, గీత పోదు, అంచు దాకా కనబడాలంటే ఫొటో కంటే పెద్ద కిటికీ కోసి, ఫొటోని వెనక అట్టకి కాగితం పట్టీలతో వేలాడదీయాలి, అలా అంచులు బయటపెట్టి పటం కట్టడమంటే చొక్కా బొత్తాలు పెట్టుకోకుండా పెళ్ళికి వెళ్ళడమే. అక్క అంతా విని, "రంగులు చూపించు" అంది.

అట్టల ముక్కలు తెచ్చి ఒక్కొక్కటే ఫొటో మూలకి ఆనించాడు. తెల్లది పెడితే చెయ్యి ఒక్కటే కనబడింది, మనిషి లేడు. నల్లది పెడితే అందరూ జబ్బుపడి లేచినట్టున్నారు. ఆకుపచ్చ మీద భార్య "బాగుంది" అంటే, "బాగున్నది ఆకుపచ్చ, ఫొటో కాదు" అన్నాడు. చివరికి ఒక ముక్క పెట్టాడు. వెలిసిన మొహాలూ వెలవని చెయ్యీ రెండూ దాని పక్కన కాస్త సర్దుకుని కూర్చున్నాయి.

"ఇదేం రంగు?"

"బూ..." అని ఆగాడు. భార్య కళ్ళెర్రజేసింది. "సిమెంటు రంగు అక్కా."

"బూడిద అంటే బూడిదనే అను. నాకేమైనా కొత్తా? రేపు వస్తా."

అక్క వెళ్ళాక ముప్పావు అట్ట బల్లమీద పరిచాడు. ఫొటోకి నాలుగు పక్కలా పావంగుళం బయటికి గుర్తు పెట్టుకోవాలి. పెన్సిలు తీశాడు. స్కేలు ఆనించాడు. గీతలు గీసి, కట్టరు ఏటవాలుగా పట్టి, ఊపిరి బిగబట్టి, నాలుగు పక్కలా ఒక్కొక్క లాగుడు లాగాడు. మధ్య ముక్క ఊడి వచ్చింది. ఎప్పుడూ చేసే పనే కాబట్టి వేళ్ళకి చెప్పక్కర్లేదు. ఫొటో పెట్టి చూసుకుంటే మూడు పక్కలా పావంగుళం లోపలికి వచ్చింది. కుడిపక్క ముప్పావు. చెయ్యి లేదు.

ఆయన స్టూలు మీద కూర్చుండిపోయాడు. అలవాటులో పావంగుళం లోపలికి కోశాడంటే సరే. ఆ కుడిపక్క ముప్పావు ఏ అలవాటు? ఆ కొలత జన్మలో ఒక్కసారే కోశాడు.

మర్నాడు అక్క వచ్చి చూసింది. అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. అదే కష్టంగా ఉంది.

"మళ్ళీ కోసేశావురా ఆయన్ని."

"చెయ్యి జారింది."

"ఒకసారి జారితే జారిందనుకుంటాం. రెండుసార్లు ఒకే చోట, ఒకే కొలతలో జారుతుందా? నేను చదువుకోలేదు గాని, నిన్న పుట్టలేదు. చెప్పు."

ముప్పావు కట్టరుకి బ్లేడు విప్పాడు, మళ్ళీ బిగించాడు.

"బావే కప్పమన్నాడు అక్కా. ఫొటో కడిగించి తెచ్చిన రోజు ఇక్కడే నిలబడ్డాడు. 'ఒరేయ్, ఇది గోడమీద పెడితే రేపు నా ఎదుట ఏ పిల్లాడైనా వరసలో నిలబడతాడా? డ్రిల్లు మాస్టారు పెళ్ళాం చెప్పులు మోశాడని ఈల వేస్తారు నాకే. కప్పెయ్' అన్నాడు. కిటికీ పక్కకి పోతుంది బావా అన్నాను. 'పోనీరా, నీ కిటికీ పోతే కొత్త కదా అని ఊరుకుంటారు' అన్నాడు. ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నాడు."

అక్క చాలాసేపు చూసింది. తమ్ముణ్ణి కాదు, ఫొటోలో మొగుణ్ణి.

"తనే కప్పించుకుని, తనే వచ్చినవాళ్ళందరికీ చూపించి నవ్వాడా?"

"ఎవరైనా అడిగేలోపు తనే నవ్వేస్తే అనుమానం రాదుగా."

"నువ్వు పడి ఊరుకున్నావా?"

"బావ కదా అక్కా. ఆ మాత్రం అనిపించుకోకపోతే బావమరిది ఎందుకు?"

లోపలినుంచి భార్య వచ్చింది. గుమ్మంలో అంతా విన్నట్టుంది.

"నాక్కూడా చెప్పలేదు," అంది. "నేను ముప్పావుగారి భార్యనని ఇన్నేళ్ళు పిలిపించుకున్నాను. ఈయన మాట నిలబెట్టుకుంటే, నేను మోశాను."

అక్క నవ్వింది. బావ పోయాక ఆమె నవ్వు అక్కడెవరూ వినలేదు. మధ్యలో అది నవ్వు కాకుండా పోయింది. మరదలు పక్కన కూర్చుని వీపు రాసింది. ముప్పావు ఎటు చూడాలో తెలియక పిల్లిని చూశాడు.

కాసేపటికి అక్క ముక్కు తుడుచుకుంది.

"మాట ఇచ్చింది ఆయనకి కదూ?"

"అవును."

"ఆయన ఉన్నన్నాళ్ళూ నిలబెట్టుకున్నావు. ఇంక ఆ చెప్పులు ఎవరివిరా?"

"నీవి."

"నావి నాకు చూపించు."

చిన్న కిటికీని పెద్దది చెయ్యొచ్చు, పెద్దదాన్ని చిన్నది చెయ్యలేం. ఇది ఆయన అదృష్టం. మూడు పక్కలా అరంగుళం, కుడిపక్క అంగుళం మళ్ళీ కోశాడు. సన్నటి పట్టీ కొయ్యడం కష్టం, బ్లేడు పక్కకి పారిపోతుంది. మూలల దగ్గర స్కేలు జరక్కుండా భార్య అదిమి పట్టింది. ఫొటో నాలుగంచులూ బయట పెట్టుకుని, బూడిదరంగు కిటికీ మధ్యలో, పైన రెండు కాగితం పట్టీలకి వేలాడింది. కుడి చివర బావ, పూర్తి మనిషి, భార్య చెప్పులు పట్టుకుని ఎదుటివాళ్ళని వరసలో నిలబడమన్నట్టు చూస్తున్నాడు.

పటం మొగుడూ పెళ్ళాం ఇద్దరూ అక్కావాళ్ళింటికి మోసుకెళ్ళారు. పాత మేకు ముందుగదిలో లోపలి గోడకి ఉంది. ముప్పావు అక్కడ తగిలించబోతే అక్క వద్దంది. గది కిటికీకి ఎదురుగోడ చూపించింది. రోజూ ఎండ పడే గోడ అది.

"అక్కడ వద్దక్కా, వెలిసిపోతుంది."

"వెలవనీ."

"మిగతాదంతా ఎలాగూ వెలిసింది. ఆ చెయ్యొక్కటే రంగుతో ఉంది. అదీ పోతుంది."

"అందుకే అంటున్నా. మనిషి ఒక వయసులో, చెయ్యి ఒక వయసులో ఉంది. కొన్నాళ్ళు ఎండ తగిలితే ఆ చెయ్యి కూడా వెళ్ళి ఆయన్ని కలుసుకుంటుంది."

ముప్పావు ఇంతకాలం పటాలు ఎండకి పెట్టొద్దని మనుషులతో గొడవపడ్డాడు. ఒకాయనతో అయితే మాటలే మానేశాడు. ఇప్పుడు తనే కుర్చీ లాక్కుని ఎక్కి, ఎదురుగోడకి మేకు కొట్టి, పటం తగిలించి, వెనక్కి నడిచి సరిగా ఉందో లేదో చూశాడు. తర్వాత వెళ్ళి కిటికీ పరదా పూర్తిగా పక్కకి లాగి, మళ్ళీ ఎవరూ మూయకుండా తాడుతో ముడేశాడు.