జడ వేసేంతసేపు

మా అమ్మాయికి జడ వేయడం నాకు డబ్లిన్‌లో అలవాటైంది. మా ఆవిడకు అక్కడ ఆస్పత్రిలో ఉద్యోగం, తెల్లవారకముందే బస్సెక్కేది. పిల్లను బడికి తయారు చేయడం నా వంతు. మొదట్లో నేను వేసిన జడ బడి గేటు దాకా కూడా నిలిచేది కాదు. పైగా అలవాటు కొద్దీ రోజూ తలకు ఇంత కొబ్బరినూనె. ఆ చలికి సీసాలో గడ్డకట్టిన నూనెను హీటర్ మీద పెట్టి కరిగించి మరీ రాసేవాణ్ణి. ఒకరోజు పిల్ల ఏడుపు మొహంతో ఇంటికొచ్చింది. పక్క పిల్ల ముక్కు మూసుకుందట. అప్పటి నుంచి నూనె శుక్రవారం రాత్రికి, తలస్నానం శనివారానికి మారాయి. ఇలా చెయ్యండని చెప్పే పెద్దదిక్కు అక్కడ లేదు. తలా తోకా తెలియకుండా మేమే పడుతూ లేస్తూ నేర్చుకున్నాం.

ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే పిల్ల ఏమీ చెప్పేది కాదు. నావైపు వీపు పెట్టి కూర్చుంటే మాత్రం నోరు మూతపడేది కాదు. ఎవరితో కటీఫ్ అయింది, టీచర్ ఎందుకు కసిరింది, కలలో ఏమొచ్చింది, అన్నీ చెప్పేది. జడ అయిపోతే మాట కూడా అయిపోయేది. అందుకని చిక్కు లేకపోయినా తీస్తూనే ఉండేవాణ్ణి.

నాకు ఇక్కడి యూనివర్సిటీలో ఉద్యోగం రావడంతో తిరిగొచ్చేశాం. పిల్లకు నానమ్మ దగ్గరుండాలన్నది కూడా మా ఆశ. తార్నాకలో అమ్మ ఫ్లాట్‌లో దిగాక, బడి మొదలైన రోజే దువ్వెన నా చేతిలోంచి పోయింది.

"ఏందిరా, ఆడపిల్లకు నువ్వు జడలేసుడేంది? నేనున్న కద. పోయి తానం చెయ్‌పో," అంది అమ్మ.

అమ్మ వేసే జడకు వంక పెట్టలేం. రిబ్బన్లతో మడిచి కట్టిందంటే సాయంత్రం దాకా వెంట్రుక కదలదు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు వరస ఇళ్ళ ఆడపిల్లలంతా పొద్దున్నే మా గుమ్మంలోనే ఉండేవాళ్ళు. కాకపోతే జడ వేస్తున్నంతసేపూ మాట్లాడేది అమ్మే. పిల్ల వింటుంది. నేను టీ కప్పు పట్టుకుని పనున్నట్టు అక్కడక్కడే తిరిగేవాణ్ణి. బడి ఎట్లుందని అడిగితే "బాగుంది" అనేది. రోజూ అదే మాట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పని. అక్కడున్నన్నాళ్ళూ తార్నాక మీద బెంగ పెట్టుకున్నవాణ్ణి, ఇక్కడికొచ్చి డబ్లిన్‌లో జడలేసిన ఆ ఇరుకు వంటగది కోసం, హీటర్ మీద కరిగే నూనె వాసన కోసం బెంగ పెట్టుకున్నాను. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

మొన్న ఆదివారం అమ్మ బౌద్ధనగర్‌లో బంధువుల ఇంటికి వెళ్ళింది. పిల్లను తీసుకుని క్యాంపస్‌లో నడకకు వెళ్ళాను. చెట్ల కింద ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ళు గొణుక్కుంటూ తిరుగుతున్నారు. నడుస్తుంటే రాత్రి వేసిన జడ రబ్బర్ బ్యాండ్ జారి విడిపోయింది. పిల్ల దాన్ని నా చేతిలో పెట్టి, సిమెంటు బెంచీ మీద కూర్చుని వీపు నావైపు తిప్పింది.

దువ్వెన లేదు. వేళ్ళతోనే చిక్కు తీశాను. మూడు పాయలు చేసి అల్లడం మొదలుపెట్టాక పిల్ల అంది: "నాన్నా, లంచ్‌లో నా పక్కన ఎవరూ కూర్చోరు. నేను మాట్లాడితే నవ్వుతరు."

చేతులు ఆగబోయాయి. ఆపలేదు. "ఊ," అన్నాను.

"నానమ్మకు చెప్పకు. ఫీలైతది."

మెట్ల దగ్గర ఒక్కతే కూర్చుని తింటుందట. క్లాసులో ఒక పిల్ల మాత్రం మంచిదట, కానీ మిగతావాళ్ళకు భయపడుతుందట. వీలైనంత మెల్లగా అల్లుతున్నా జడ కొసకు వచ్చేసింది. బిగించి బ్యాండ్ వేశాను.

పిల్ల జడను ముందుకు తెచ్చుకుని చూసుకుంది. గట్టిగానే ఉంది.

"వదులైంది నాన్నా, మళ్ళీ వెయ్యి," అని బ్యాండ్ తనే లాగేసింది.